టీ సువాసనకు చోటు వెన్నలోనే

మాదాపూర్‌లో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఈ ప్రాంతపు రాళ్లగుట్టలతో పాటు మనుషుల నిద్ర వేళలు, తిండి వేళలు కూడా మారిపోయాయి. టీ, బిస్కెట్ల జత మాత్రం మారలేదు. పాతబస్తీ, ఆబిడ్స్ వీధుల్లోని ఇరానీ చాయ్ ఐటీ కారిడార్ దాకా నడిచొచ్చింది. రెడ్ హిల్స్‌లో నీలోఫర్ ఆస్పత్రి పక్కన పేరు తెచ్చుకున్న కేఫ్ నీలోఫర్ ఇప్పుడు హైటెక్ సిటీలోనూ చాయ్ పోస్తోంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోస్తున్న ఉస్మానియా బిస్కెట్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి టేబుల్ మీదా కనిపిస్తుంది. ఈ జతను ఒక్కటి చేసి, టీ రుచిని బిస్కెట్‌లోనే పెట్టాలన్న సరదాతో చాలామంది ఇంట్లోని ఓటీజీలో టీ షార్ట్‌బ్రెడ్ కుకీలు చేసుకుంటున్నారు. ఫలితం తరచూ ఒకేలా ఉంటుంది: టీ రంగు వస్తుంది, వగరు వస్తుంది, అసలు కావలసిన సువాసన రాదు. పొడి చాలలేదేమోనని మరో చెంచా వేస్తే వగరే పెరుగుతుంది. దీనికి కారణం పొడి రకంలోనో, కొలతలోనో వెతకడం దండగ. టీని మనం నీళ్లతో ముడిపెట్టి చూడటానికి అలవాటు పడ్డాం. కుకీలో మాత్రం టీని అప్పగించాల్సింది వెన్నకు. ఎందుకలా అన్నది తెలియాలంటే ముందు కుకీలో ఏం జరుగుతుందో, తర్వాత టీ ఆకులో ఏముందో చూడాలి.

స్కాట్లాండ్ వంటింటి నుంచి వచ్చిన షార్ట్‌బ్రెడ్‌కు లెక్క చాలా తేలిక. తూకంలో ఒక వంతు చక్కెర, రెండు వంతుల వెన్న, మూడు వంతుల పిండి. గుడ్డు లేదు, పాలు లేవు, సోడా అక్కర్లేదు. దీని గుణమంతా మైదాలోని గ్లూటెనిన్, గ్లియాడిన్ అనే రెండు ప్రొటీన్లను అదుపులో పెట్టడంలో ఉంది. నీళ్లు తగిలి, చేత్తో పిసికితే ఇవి ఒకదానితో ఒకటి అల్లుకుని గ్లూటెన్‌గా మారతాయి. రుమాలీ రోటీ గాలిలో తిప్పినా చిరగకుండా సాగేది ఈ అల్లిక వల్లే. కుకీకి మనం కోరేది దీనికి పూర్తిగా విరుద్ధం; పంటి కింద పెట్టగానే పొడిపొడిగా విరగాలి. వెన్నలోని కొవ్వు పిండి రేణువుల చుట్టూ పూతగా పట్టి నీటిని ప్రొటీన్ల దగ్గరకు సులువుగా చేరనివ్వదు. అల్లిక తెగి తెగి, పొట్టిగా ఆగిపోతుంది. ఉస్మానియా బిస్కెట్, నెయ్యి వేసి చేసే నాన్‌ఖటాయి, ఈ షార్ట్‌బ్రెడ్ మూడూ ఈ సూత్రం మీదే నిలబడ్డ దగ్గరి చుట్టాలు. కాబట్టి ఈ కుటుంబంలోని ఏ బిస్కెట్‌కైనా కొత్త రుచి చేర్చాలంటే మొదటి షరతు ఒకటుంది: నీళ్లు పెరగకూడదు.

ఇక టీ ఆకు సంగతి. అందులో రుచికి సంబంధించిన పదార్థాలను రెండు వర్గాలుగా చూడొచ్చు. మొదటి వర్గం నాలుకకు, నోటి చర్మానికి తెలిసేవి. పచ్చి ఆకులో కాటెకిన్లు అనే పాలీఫినాల్స్ ఉంటాయి. ఆకును నలిపి గాలి తగలనిచ్చినప్పుడు వాటిలో చాలా భాగం థియాఫ్లేవిన్లుగా, థియారుబిజిన్లుగా మారి మనకు తెలిసిన ఎర్రని రంగును, వగరును ఇస్తాయి. కెఫీన్ చేదును ఇస్తుంది. ఇవన్నీ వేడి నీళ్లలో ఇట్టే కరిగిపోతాయి, కొవ్వులో దాదాపుగా కరగవు. రెండో వర్గం ముక్కుకు తెలిసేవి. పూల వాసననిచ్చే లినలూల్, గులాబీని గుర్తుచేసే జెరానియాల్ వంటి ఆవిరయ్యే అణువులు ఇందులో వందల రకాలున్నాయి. అన్నీ కలిపినా కిలో టీ పొడిలో ఒక గ్రాము తూగవు. ఇంత కొద్దిపాటి పదార్థమే మంచి టీని మామూలు టీ నుంచి వేరు చేస్తుంది. వీటిలో ఎక్కువ భాగం కొవ్వును ఇష్టపడేవి. ఒక అణువు నీటిని కోరుతుందా, నూనెను కోరుతుందా అన్నది తేల్చడానికి రసాయన శాస్త్రజ్ఞులు నీటినీ, నూనెలా ప్రవర్తించే ఆక్టనాల్‌నూ ఒకే సీసాలో పోసి, అణువు ఎటు చేరుతుందో కొలుస్తారు. కెఫీన్ ఆక్టనాల్ వైపు ప్రత్యేకంగా మొగ్గదు. లినలూల్ మాత్రం నీటిలో కంటే ఆక్టనాల్‌లో సుమారు 900 రెట్ల గాఢతతో చేరుతుంది. కప్పు టీలో నూనె లేదు కనుక ఆ అణువులు నీటిలో ఇమడలేక ఆవిరితో పైకి లేస్తాయి. పొగలు కక్కే కప్పు అంత ఘుమఘుమలాడేది అందుకే.

ఈ రెండు వర్గాలనూ ఇప్పుడు కుకీ పిండి ముందు పెట్టి చూడండి. పొడిని నేరుగా మైదాలో కలిపితే నీటిలో కరిగే వగరు, చేదు ఆకు రేణువుల్లోనే పొంచి ఉండి, నమిలేటప్పుడు ఉమ్మి తగలగానే బయటికొస్తాయి. కొవ్వులో కరిగే సువాసన మాత్రం పొడి ఆకు కణాల్లోంచి బయటపడి వెన్నలోకి చేరేందుకు తగిన వేడి, సమయం దొరక్క చాలా మటుకు ఇరుక్కుపోతుంది. పొడి పెంచిన కొద్దీ వగరు పెరిగి వాసన పెరగకపోవడానికి కారణం ఇదే. దీనికి విరుగుడు మన వంటింట్లో ఎప్పటి నుంచో ఉంది. పప్పులో ఇంగువను, జీలకర్రను, ఎండుమిర్చిని నేరుగా వేసి ఉడికించకుండా నూనెలో తాలింపు పెట్టి పైన పోస్తాం. వాటి వాసననిచ్చే అణువులు నూనెలోకి దిగి, ఆ నూనె ద్వారా పప్పంతా పరుచుకుంటాయి. టీ ఆకుకూ ఇదే న్యాయం. తేడా అల్లా సెగలో ఉంది. ఆవాలు చిటపటలాడే వేడికి టీ ఆకు మాడిపోతుంది. మరిగే నీళ్ల గిన్నె మీద మరో గిన్నె పెట్టి, వెన్నను 60 నుంచి 70 డిగ్రీల మధ్య కరగనిచ్చి, అందులో ఆకు వేసి మూతపెట్టి పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేస్తే చాలు. మూత తప్పనిసరి. గది నిండా వాసన వస్తోందంటే గిన్నెలో ఆ మేరకు తగ్గుతోందని అర్థం.

ఇక్కడ వెన్నకు ఇంకో సుగుణం ఉంది. నెయ్యి దాదాపుగా శుద్ధ కొవ్వు. టేబుల్ బటర్‌లో కనీసం 80 శాతం కొవ్వు ఉండాలన్నది మన దేశపు ఆహార ప్రమాణం. వెన్న మొత్తం బరువులో దాదాపు 16 శాతం నీరు. 200 గ్రాముల వెన్నలో ఈ నీరు 32 గ్రాముల దాకా ఉంటుంది. ఆకును నానబెట్టినప్పుడు సువాసన కొవ్వులోకి దిగుతుంటే, ఈ కొద్దిపాటి నీటిలోకి రంగు, కాస్తంత వగరు కూడా దిగుతాయి. అంటే కొత్తగా చుక్క నీరు పోయకుండానే టీలోని రెండు వర్గాలకూ వెన్న చోటిస్తోంది, అది కూడా మనకు కావలసిన పాళ్లలో. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. పొడి ఆకు వెన్నలోని నీటిని, కొంత కొవ్వును పీల్చుకుంటుంది. వడగట్టి, గరిటెతో నొక్కి పిండాక మళ్లీ తూచి, తగ్గిన మేరకు మామూలు వెన్న కలపాలి. లేకపోతే కుకీ గట్టిపడి, పిండి ముద్ద కట్టనే కట్టదు. రెండోది, కరిగిన వెన్నలో నీరు అడుగుకు దిగుతుంది. దాన్ని కదపకుండా ఫ్రిజ్‌లో పెడితే పైన కొవ్వు బిళ్ల, కింద ఎర్రని నీరు మిగులుతాయి. చల్లబడుతున్నప్పుడు మధ్యమధ్య గిలకొడుతూ ఉంటే రెండూ కలిసే గట్టిపడతాయి.

ఇంత తంతు ఎందుకు, చిక్కటి డికాక్షన్ కాచి పిండిలో పోస్తే సరిపోదా అన్నది మొదట ఎదురయ్యే ప్రశ్న. హైదరాబాద్ చాయ్ బలమంతా డికాక్షన్‌లోనే ఉంది కదా అని ఎవరికైనా తోస్తుంది. ఇరానీ చాయ్ కోసం డికాక్షన్‌ను సన్నని సెగ మీద చాలాసేపు మరగనిచ్చి, విడిగా చిక్కగా కాచిన పాలను అందులో కలుపుతారు. అంతసేపు మరిగిన డికాక్షన్‌లో పూల వాసనల్లాంటి సున్నితమైనవి ఎగిరిపోయి రంగు, వగరు, చేదు చిక్కబడతాయి. వాటిని నోటికి కమ్మగా మార్చేది చిక్కటి పాలు. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ పాలీఫినాల్స్‌ను పట్టుకుని, అవి మన ఉమ్మిలోని ప్రొటీన్లతో కలిసి నోటిని ఎండబెట్టకుండా చూస్తుంది. కుకీలో ఆ రక్షణ లేదు. వెన్నలో పాల ప్రొటీన్లు ఒక శాతం దగ్గరే ఉంటాయి. కప్పులో దివ్యంగా ఉండే డికాక్షన్ కుకీలో నాలుకను పట్టేసేది ఇందుకే. పైగా మూడు వందల గ్రాముల మైదాలో రెండు మూడు చెంచాల డికాక్షన్ పోసినా గ్లూటెన్ అల్లిక మొదలైపోతుంది. రుచి చెడటంతో పాటు పొడిపొడిగా విరగాల్సిన కుకీ చెక్కలా బిగుసుకుంటుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఎంత వెన్నలోకి దింపినా ఓవెన్ వేడికి సువాసన ఎగిరిపోదా? కొంత పోతుంది, సందేహం లేదు. లినలూల్ మరిగేది 198 డిగ్రీల దగ్గరే అయినా, నీటి ఆవిరి పైకి లేస్తూ అంతకంటే చాలా తక్కువ వేడిలోనే ఇలాంటి అణువులను తనతో పట్టుకుపోతుంది. మల్లె, గులాబీ అత్తర్లు తీసేవాళ్లు వాడుకునేదీ ఇలాంటి ఆవిరి బలాన్నే. కానీ కుకీలో ఈ నష్టానికి రెండు అడ్డుకట్టలున్నాయి. మొదటిది, ఆవిరయ్యేందుకు నీరే తక్కువ. వెన్నలోని నీటికి మైదాలో సహజంగా ఉండే తేమను కలిపినా 600 గ్రాముల పిండిముద్దలో 70 గ్రాములకు అటూఇటుగా ఉంటుంది. కేక్‌తో గానీ, బ్రెడ్‌తో గానీ పోల్చితే ఇది చాలా కొద్ది. రెండోది, కొవ్వును ఇష్టపడే అణువు కొవ్వులో కరిగి ఉన్నప్పుడు గాలిలోకి వెళ్లే తొందర దానికి బాగా తగ్గుతుంది. నీటిలో నిలవలేక పైకి లేచిన అణువే వెన్నలో నెమ్మదిగా సర్దుకుంటుంది. కనుక ఓవెన్ గురించిన భయం నీళ్లలో దింపిన టీకే ఎక్కువ వర్తిస్తుంది, వెన్నలో దింపిన టీకి తక్కువ. మిగిలిన జాగ్రత్త వేడి ఎంచుకోవడంలో ఉంది. 180 డిగ్రీల్లో కుకీ పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. చక్కెరలు, ప్రొటీన్లు కలిసి జరిపే మెయిలార్డ్ చర్య అది; ఉస్మానియా బిస్కెట్ పైన కనిపించే ఆ గోధుమ వన్నె, కాల్చిన కమ్మదనం దాని చలవే. ఆ వాసనలు చాలా గట్టివి. టీలోని పూల వాసనను అవి కప్పేస్తాయి. 150 నుంచి 160 డిగ్రీల్లో, సెంటీమీటరు మందాన కోసిన ముక్కల్ని ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉంచి, అంచులు లేతగా రంగు మారగానే తీసేయడం టీకి మేలు. ఓటీజీల ముల్లు చూపించే వేడికి, లోపలి అసలు వేడికి తేడా ఉండటం మామూలే. లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే ఆ ఖర్చు వృథా పోదు.

మరి ఇంట్లో ఉండే మామూలు టీ పొడితో ఇది సాధ్యమా? మన దేశంలో తయారయ్యే టీలో అత్యధిక భాగం సీటీసీ రకం. 1930ల మొదట్లో అస్సాం తోటల్లో విలియం మెక్‌కెర్చర్ రూపొందించిన యంత్రం ఆకును పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చీల్చి, ఉండలు చుడుతుంది. చిన్న గుళికలుగా మారిన ఆ ఆకు పాలలో కూడా నిమిషాల్లో రంగు దింపుతుంది. బలం కోసం తయారైన టీ అది. సున్నితమైన వాసన దాని లక్ష్యం కాదు. ఆకును ముక్కలు చేయకుండా చుట్టి ఆరబెట్టే ఆర్థడాక్స్ పద్ధతిలో వచ్చే నీలగిరి, డార్జిలింగ్ టీలలో ఆ పూల వాసన నిలుస్తుంది. కనుక వెన్నలో దింపడానికి అవే తగినవి. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్కల నూనె పట్టించిన ఎర్ల్ గ్రే టీ ఇంకా సులువు. దాని వాసన పుట్టిందే నూనెలో కాబట్టి వెన్నలోకి ఇట్టే చేరుతుంది. ఇంట్లో సీటీసీ మాత్రమే ఉన్నా నిరాశ అక్కర్లేదు. దంచిన ఏలకులు నాలుగైదు ఆకుతో పాటు వెన్నలో వేయాలి. ఏలకి వాసనకు మూలమైన సినియోల్, టెర్పినైల్ ఎసిటేట్ రెండూ కొవ్వులో కరిగేవే. సీటీసీ బలానికి ఏలకి పరిమళం తోడైతే వచ్చేది మన ఇళ్లలోని మసాలా టీ రుచే.

వగరునంతా వదిలేస్తే అది టీ ఎలా అవుతుందన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. నిజంగానే, వాసన మాత్రమే ఉంటే కుకీ సబ్బులానో, అత్తరులానో తోచే ప్రమాదం ఉంది. టీని టీగా గుర్తుపట్టడానికి కాస్త వగరు కావాలి. వెన్నలోని నీరు పట్టుకొచ్చేది చాలకపోతే, అర చెంచా ఆకును చక్కెరతో కలిపి మిక్సీలో మెత్తగా పట్టి పిండిలో చేర్చవచ్చు. చక్కెర పలుకుల రాపిడికి ఆకు విడిగా పట్టినప్పటి కంటే మెత్తగా నలుగుతుంది. ఉప్పు చేదును తగ్గిస్తుంది కాబట్టి ఉప్పు కలిసిన టేబుల్ బటర్ ఇక్కడ లోపమేమీ కాదు. విడిగా ఉప్పు వేయకపోతే సరి. మొత్తం లెక్క ఇలా వేసుకోవచ్చు: 200 గ్రాముల వెన్నలో 10 గ్రాముల ఆకు, 100 గ్రాముల చక్కెర పొడి, 270 గ్రాముల మైదా, 30 గ్రాముల బియ్యప్పిండి. స్కాట్లాండ్‌లో కూడా షార్ట్‌బ్రెడ్‌కు బియ్యప్పిండి కలిపే పద్ధతి ఉంది. అందులో గ్లూటెన్ తయారుచేసే ప్రొటీన్లు లేవు కనుక కుకీ ఇంకా బాగా పొడిపొడిగా విరుగుతుంది. బియ్యప్పిండి డబ్బా లేని తెలుగు ఇల్లు ఉండదు కాబట్టి దీనికోసం బజారుకు పరుగెత్తనక్కర్లేదు.

హైదరాబాద్ ఎండలు ఈ కొలతలకు ఇంకో షరతు చేరుస్తాయి. వెన్న కొవ్వులో ఫ్రిజ్ చల్లదనంలో సగం దాకా గట్టి స్ఫటికాలుగా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర అయిదో వంతుకు దిగుతుంది. 35 దాటితే దాదాపు ఏమీ మిగలదు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు ఏసీ లేని వంటింట్లో వెన్న నూనెగానే ఉంటుంది. అలాంటి వెన్నతో కలిపిన పిండి ట్రే మీద పరుచుకుపోయి, అంచులు మాడి, నడిమి భాగం జిడ్డోడుతుంది. పిండిని ఎక్కువసేపు పిసక్కుండా ముద్ద చేసి, గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగా ఉండగానే కోసి ఓవెన్‌లోకి పంపితే ఆకారం నిలుస్తుంది. ఖర్చు తగ్గుతుందని వనస్పతి వాడటం ఈ పనికి తగదు. అది వేడికి నిలబడుతుంది గానీ, నోటి వేడికి తేలిగ్గా కరగని గట్టి కొవ్వు అందులో కొంత ఉంటుంది. అలా కరగకుండా మిగిలిన కొవ్వు తనలో దాగిన సువాసనను విడవదు.

ఈ నోటి వేడి దగ్గరే చివరి అభ్యంతరానికి జవాబుంది. ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచుకుంటే రెండు రుచులూ ఒకేసారి దొరుకుతాయి కదా, బిస్కెట్‌లోనే టీ పెట్టడం దేనికి? ముంచిన బిస్కెట్‌లో టీ ద్రవంగా ఉంటుంది. వేడికి వాసన ఒక్కసారిగా ముక్కుకు చేరి, గుటకతో ముగుస్తుంది. కుకీలో టీ కొవ్వులో బందీగా ఉంటుంది. వెన్న 35 డిగ్రీల లోపే కరగడం, మన ఒంటి వేడి 37 డిగ్రీలు కావడం వల్ల నమిలే కొద్దీ అది మెల్లగా విడుదలై, గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరుతుంది. రుచి ఆలస్యంగా మొదలై ఎక్కువసేపు ఉంటుంది. ఇది ముంచుకుని తినడం ఇవ్వలేని అనుభవం. దానికి పోటీ కూడా కాదు. రాత్రి షిఫ్టులతో నిద్ర కరువైన ఐటీ కారిడార్‌కు ఇంకో లాభమూ ఉంది. టీ ఆకు బరువులో కెఫీన్ మూడు శాతం అనుకుంటే 10 గ్రాముల ఆకులో ఉండేది 300 మిల్లీగ్రాములు. ఈ కొలతకు 30 కుకీలు వస్తాయి. ఆకునంతా పిండిలో కలిపేసినా ఒక్కోదాంట్లో 10 మిల్లీగ్రాములకు మించదు. వడగట్టిన వెన్నతో చేస్తే ఇంకా ఎంతో తక్కువ, ఎందుకంటే కెఫీన్‌లో ఎక్కువ భాగం ఆకుతో పాటే బయటికి పోతుంది. కప్పు టీలో 30 నుంచి 50 మిల్లీగ్రాములు ఉంటుంది. అర్ధరాత్రి టీ రుచి కావాలి, నిద్ర చెడకూడదు అనుకునేవాళ్లకు వెన్నలో దింపిన టీ ఇచ్చే వెసులుబాటు చిన్నది కాదు.

ఈ వాదనను ఎవరూ మాట మీద నమ్మనక్కర్లేదు. ఆహార శాస్త్ర ప్రయోగశాలల్లో వాడే ముక్కోణ పరీక్షను ఏ ఇంట్లోనైనా చేయవచ్చు. ఒకే టీని సమాన తూకంలో రెండు భాగాలు చేసి, ఒక దాన్ని వెన్నలో దింపి, రెండో దాన్ని మెత్తగా దంచి మైదాలో కలిపి, మిగతా కొలతలన్నీ ఒకేలా ఉంచి రెండు వాయిలు కాల్చాలి. ఒక వాయిలోవి రెండు, ఇంకో వాయిలోది ఒకటి చొప్పున మూడు కుకీలను కళ్లు మూసుకున్నవారి చేతికిచ్చి, వేరుగా ఉన్నది ఏదో చెప్పమనాలి. ఊరికే ఊహిస్తే మూడోవంతు మందే సరిగ్గా చెబుతారు. అంతకు బాగా మించి చెబితే తేడా నిజమే. అప్పుడు టీ వాసన ఎందులో ఎక్కువ, వగరు ఎందులో ఎక్కువ అని విడివిడిగా అడగాలి. వాసన దంచిన పొడిలోనే ఎక్కువని చాలామంది అంటే ఈ వ్యాసం చెప్పింది తప్పు. ఆఫీసు టీ విరామంలో పదిమంది సహోద్యోగుల మధ్య పావుగంటలో తేలిపోయే విషయమిది. దాని ఫలితం కుకీలకే పరిమితం కాదు. కాఫీ, మిరియాలు, ధనియాలు, కరివేపాకు, నిమ్మతొక్క, దేన్ని బిస్కెట్‌లో పెట్టాలన్నా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న అదే: మనకు కావలసిన గుణం నీటిలో కరిగేదా, కొవ్వులో కరిగేదా?